చప్పుడు లేని పడవ

మా వదిన బోర్గిల్డ్ ఏటా వసంతంలో బాతులకు తల్లి అయిపోయేది. మా పక్క దీవికి ఈడర్ అనే సముద్రపు బాతులు గుడ్లు పెట్టడానికి వచ్చేవి. వాటి కోసం రాతి గూళ్లు తుడిచి, ఎండిన సముద్రపు నాచు పరిచేది. గుడ్లు పగిలి బాతుపిల్లలు నీళ్లలోకి దిగేదాకా రోజూ వెళ్లి కాకులనూ గద్దలనూ తోలేది. ఎప్పుడూ అదే బూడిదరంగు స్వెటరు. కొత్తది తొడిగితే బాతులు బెదిరిపోతాయి. ఆ రోజుల్లో ఆ దీవి దగ్గర ఇంజను చప్పుడు వినపడకూడదు, గుసగుసగానే మాట్లాడాలి. అది మా తాతల నాటి కట్టుబాటు. అందుకే వదిన తెడ్డు వేసుకుంటూ వెళ్లేది.

ఒక చలికాలం మంచు మీద జారి భుజం విరగ్గొట్టుకుంది. మా అన్న ఐనార్‌కు నడుం ఏనాడో పోయింది. నేను డెబ్బై దాటినదాన్ని. మా దీవిలో మిగిలింది మేం ముగ్గురమే. పడవకు బ్యాటరీ మోటారు కొను, చప్పుడు లేకుండా వెళ్లొస్తానని వదిన అన్నను బతిమాలింది.

అన్న ఫోనులో ధరలు చూశాడు. "ఏటేటా తగ్గుతున్నాయే. వచ్చే ఏటికి ఇంకా దిగుతాయి. ఇప్పుడు కొనేవాడు వెర్రివాడు."

ఆలస్యం అమృతం విషం అని నేను మొత్తుకున్నాను. వింటేగా మహానుభావుడు! పాపం, ఆయన లెక్క తప్పలేదు. మరుసటి ఏడు ధర తగ్గింది. ఇంకా తగ్గుతుందని మళ్లీ ఆగాడు.

బాతులు రాకముందే డీజిలు పడవలో వెళ్లి గూళ్లు సర్దేవాళ్లం. అవి వచ్చాక కాపలా లేదు. వదిన గట్టున నిలబడి, దీవి మీద గద్దలు తిరగడం చూస్తూ ఏడ్చేది. ఏటికేడూ వచ్చే బాతులు తగ్గాయి.

మూడో వసంతంలో ధర సగానికి పడింది. అన్న మోటారు కొన్నాడు. వదిన ఆ పాత స్వెటరే తొడుక్కుంది. ముగ్గురం బయల్దేరాం. నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

దీవి దగ్గరపడగానే అన్న అలవాటు కొద్దీ గొంతు తగ్గించాడు. "చూశావా, ఎంత నిశ్శబ్దంగా వచ్చామో."

వదిన దిగి ఒక్కో గూట్లోకీ వంగి చూసింది. పరిచిన నాచు పరిచినట్టే ఉంది.

"గట్టిగానే మాట్లాడవయ్యా," అంది. "బెదరడానికి ఎవరున్నారిక్కడ?"

అన్న మీద కోపం నాకింకా చల్లారలేదు. జాలి కూడా తగ్గలేదు.