బాయిల మందు

ఎల్లన్నకు గల్లీ పెట్టిన పేరు ‘ఎందుకెల్లన్న’. ఊరికే పెట్టలేదు. గోదావరిఖని బొగ్గుగనిలో ఉద్యోగకాలమంతా పంపు ఖలాసీగా చేశాడు. లోపల ఊరే నీళ్లను తోడి పైకి పంపడం ఆయన డ్యూటీ. తోటివాళ్లకు అది జీతం వచ్చే పని, అంతే. ఈయనకు మాత్రం నిద్ర పట్టేది కాదు. ఇన్ని నీళ్లు ఎక్కడివి? పైకి పోయి ఎటు పోతాయి? ఒకనాడు ఇంట్లో ఉన్న పసుపంతా మూటగట్టుకుపోయి, గని బయట కాలువలో కలిపి, ఆ పసుపు చాయ వెంబడే నడుచుకుంటూ పోయాడు. సగం దూరంలోనే రంగు మాయమైంది. ఇంటికొస్తే కూరలోకి పసుపు లేదని భార్య తిట్టిన తిట్లు గల్లీ అంతా విన్నది. సిగ్గుపడ్డాడా? ఏం సిగ్గు! ఎక్కడ కరిగిపోయిందో చూడలేకపోయానే అని ఆయన బాధ ఆయనది.

రిటైరయ్యాడు, భార్య పోయింది, ప్రశ్నలు మాత్రం పోలేదు. సకల జనుల సమ్మె అయిపోయిన తర్వాతి ఎండాకాలం, తెలంగాణ వస్తుందా రాదా అని చాయ్ హోటళ్లలో జనం గొంతులు పోగొట్టుకుంటున్న రోజుల్లో, ఎల్లన్నకు ఒక కొత్త వింత దొరికింది. గని ఇంజనీరు బాబూరావు కూతురు భవ్య, హైదరాబాదులో నీళ్ల మీద పరిశోధన చేస్తున్న పిల్ల, గోధుమరంగు సీసాలూ ఐసు డబ్బా పట్టుకుని గోదావరి ఏట్లో మిగిలిన మడుగుల దగ్గర కనిపించింది. వాళ్లది కృష్ణా జిల్లా. పిల్ల పుట్టి పెరిగింది మాత్రం ఇక్కడి క్వార్టర్లలోనే.

ఇక చూడాలి ఎల్లన్న సంబరం! సీసా ఆ రంగు ఎందుకని అడిగాడు. వెలుతురు తగిలితే తను వెతికేది చెడిపోతుందంది. ఐసు ఎందుకన్నాడు. దానికీ అదే జవాబు. ఇంతకీ వెతికేదేమిటి అంటే, జ్వరాలకూ పుండ్లకూ డాక్టర్లు రాసే యాంటీబయాటిక్ అని చెప్పింది. మనిషి మింగిన మాత్ర మొత్తం ఒంటికి పట్టదట. మిగిలింది మూత్రంలో పోయి, మోరీల గుండా ఏట్లో కలుస్తుందట. నీళ్లలో ఉన్న క్రిములు ఆ కాస్తకూ అలవాటు పడి ముదిరిపోతే, రేపు నిజంగా రోగం వచ్చినవాడికి అదే మాత్ర పనిచేయదట. ఎల్లన్న అవాక్కయ్యాడు. నీళ్లలో పసుపు కనబడకుండా పోయినా అక్కడే ఉంటుందన్నమాట, పట్టుకునే మిషన్లు ఉండాలి గానీ! ఆ రోజు నుంచి పిల్ల ఎటు పోతే అటు ఐసు డబ్బా మోస్తూ తిరిగాడు. బతిమాలి తన గల్లీ బావి నీళ్లు కూడా ఒక సీసా పట్టించాడు.

అక్కడే వచ్చింది తంటా. నెల తర్వాత హైదరాబాదు నుంచి ఫలితాలు వచ్చాయి. ఏటి మడుగుల్లో ఆ మాత్రల జాడ అక్కడక్కడా ఉంది, అది అనుకున్నదే. కానీ అన్నిటికంటే ఎక్కువ ఉన్నది గల్లీ బావిలో. నల్లా రాని రోజు జనం తాగేది ఆ నీళ్లే. మళ్లీ ఒకసారి పరీక్ష చేసేదాకా తాగొద్దని చెప్పమని ఎల్లన్నకు అప్పగించి, భవ్య బసంత్‌నగర్ వైపు సీసాలు నింపడానికి పోయింది.

ఎల్లన్న పొంగిపోతూ చాయ్ హోటల్ ముందు నిలబడ్డాడు. ఆ ఇంగ్లీషు పేరు నోటికి తిరగలేదు. తిరగకపోతే ఊరుకోవాలా వద్దా? ఊరుకోలేదు.

“మన బాయిల మందున్నదట,” అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. నవ్వరా మరి? వాళ్ల భాషలో బాయి అంటే బొగ్గుగని, మందు అంటే బొగ్గు పేల్చే మందు. బాయిల మందుండక బియ్యముంటయా అని ఎవరో ఎగతాళి చేశారు. ఎల్లన్నకు ఉక్రోషం వచ్చింది. ఆ బాయి కాదు, మనం నీళ్లు చేదుకునే బాయి అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. నీళ్ల బాయిలో మందు అంటే ఆ గల్లీలో ఒకటే అర్థం. కిట్టనివాళ్లు పెట్టే మందు. చేతబడి మందు.

ఆ మాట మొదట పట్టుకున్నవాడు నర్సింగం. గనిలో బొగ్గు కోసే మనిషి, నోరూ చెయ్యీ రెండూ పెద్దవే. శివరాత్రి దాటాక తండ్రి రాయమల్లు పోయాడు, మొన్ననే పాడి బర్రె చచ్చింది. రెండూ కలిపి లెక్క కట్టుకున్నాడు. గల్లీలో ఆకులూ వేర్లూ నూరేది ఎవరు? అనసూర్య. కామెర్లు వస్తే పసరు పోసే ముసలామె, మొగుడూ పిల్లలూ లేని ఒంటరి మనిషి, ఇల్లు సరిగ్గా బావి పక్కనే. మధ్యాహ్నం దాటేసరికి గల్లీ అంతటికీ ఆమే మందు పెట్టిన మనిషైంది. పొద్దుగూకేలోపు ఊరు విడిచిపోకపోతే ఏమైతదో చెప్పలేనని నర్సింగం ఆమె వాకిట్లోకి పోయి మరీ చెప్పి వచ్చాడు.

ఈ సంగతి ఎల్లన్న చెవిన పడింది. అలాంటి మాట పడ్డ ముసలివాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఏమయ్యారో ఆయనకు తెలుసు. పరుగున బాబూరావు క్వార్టరుకు పోయాడు. భవ్య అప్పుడే వచ్చి ముఖం కడుక్కుంటోంది. జరిగింది విని తల పట్టుకుంది.

“మందు అన్నారా తాతయ్యా?”

“మరింకేమనాలె బిడ్డా?”

ఆ పిల్ల ముఖం తుడుచుకుని చెప్పులేసుకుంది. తనే వచ్చి అందరికీ వివరిస్తానంది. ఆంధ్రా పిల్లవు, నిన్ను కూడా ఆమెతో కలిపేస్తరని ఆపాడు ఎల్లన్న. అంత భయంలోనూ బుర్రలో పురుగు ఊరుకుంటేగా! బావి దగ్గర మోరీ లేదు, మరి ఆ మాత్రలు ఎట్లా వచ్చాయని అడిగాడు. అదే తనకూ అర్థం కావడం లేదంది భవ్య. అంత ఉందంటే ఎవరో గోలీలే తెచ్చి గుమ్మరించి ఉండాలి, కానీ మందుబిళ్లలు బావిలో ఎవరు పోస్తారు అంది.

ఎవరు పోస్తారు? ఎల్లన్న అక్కడే నిలబడిపోయాడు. ఆ మాట చదువుకున్న పిల్లకు వింత గానీ, ఆయనకు కాదు. చనిపోయినవాళ్ల మందులు ఇంట్లో ఉంచకూడదు, చెత్తలో వేస్తే రోగం ఇంటికి తిరిగొస్తుంది, నీళ్లలోనే కలపాలని గల్లీ నమ్మకం. భార్య పోయినప్పుడు ఆయనా అదే చేశాడు. కాకపోతే అది వానాకాలం, గోదావరి నిండుగా ఉంది. ఈసారి శివరాత్రికే ఏరంతా ఇసుక.

ఆయన గల్లీకి వచ్చేసరికి అనసూర్య ఇంటి ముందు జనం మూగి ఉన్నారు. చీరలో కట్టిన పెద్ద మూట పక్కన పెట్టుకుని ఆమె గడపలో కూర్చుంది. కాసిపేటలో చెల్లెలి ఇంటికి పోతుందట. ఏడవడం లేదు, ఎవరి ముఖమూ చూడడం లేదు. ఎల్లన్న నోటి నుంచి జారిన ఒక్క మాట!

జనాన్ని తోసుకుని నర్సింగం ముందుకు వచ్చాడు. ఎల్లన్న అతనికి అడ్డంగా నిలబడి అడిగాడు.

“నర్సింగం, మీ నాయిన గోలీలు ఏడ ఏసినవ్?”

పీనుగు లేచిన ఇంటి సంగతి ఇప్పుడెందుకని నర్సింగం గుడ్లురిమాడు. ఎల్లన్న కదలలేదు. మళ్లీ అదే అడిగాడు. రాయమల్లు ఊపిరితిత్తుల రోగంతో, మాటిమాటికీ వచ్చే జ్వరాలతో ఏళ్ల తరబడి దవాఖాన చుట్టూ తిరిగాడు. తెచ్చుకున్న గోలీల్లో సగం మింగకుండా దాచేవాడని గల్లీకంతా తెలుసు. వెనక నుంచి నర్సింగం భార్యే చెప్పింది.

“బాయిలనే ఏసిండు. సంచెడున్నయి. ఏట్ల నీళ్లు లేవు గదా, ఏం చేస్తమన్నా?”

ఎల్లన్న అప్పుడు నెమ్మదిగా, ఎవరినీ తిట్టకుండా, భవ్య తనకు చెప్పినదంతా చెప్పాడు. బావిలో తేలినవి దవాఖాన గోలీలేనన్నాడు. తాను మందు అన్నది దాన్నే, అట్లా అనడం తన తప్పేనన్నాడు. ఎవరో మరొకావిడ, తమ అత్త మందులు కూడా అక్కడే వేశామని గొణిగింది. జనం ఒకరొకరే వెనక్కి జరగసాగారు. నర్సింగం కూడా మెల్లగా ఇంటి దారి పట్టాడు.

మూట తాను లోపల పెడతానని ఎల్లన్న వంగాడు. అనసూర్య దాని మీద చెయ్యి వేసింది.

“నువ్వొద్దు ఎల్లన్నా. గా నర్సింగాన్ని పిలువు. పసరు పోసి బతికించిన పోరడు, వాడే వచ్చి ఇప్పాలె.”

నర్సింగం ఆగాడు. తర్వాత వెనక్కి వచ్చి, గడప కింద నేల మీద కూర్చుని, మూట ముడి మీద వేళ్లు పెట్టాడు. ముసలామె బిగించి కట్టింది. అంత తొందరగా రాలేదు.