గాజులు తొడిగే ఆమె ముఖం

దీపావళి వెళ్ళాక పాడి ఇళ్ళవాళ్ళు చేసుకునే సదర్ పండుగ నాడు, దున్నపోతును కడిగి నూనె రాసి, కొమ్ములకు రంగు వేసేసరికి పది దాటుతుంది. సాయంత్రం ఊరేగింపు దాకా నర్సింహకు ఇక పని ఉండదు. మొఘల్‌పురాలోని ఆ రెండు గదుల ఇంట్లో నలభై ఏళ్ళుగా ఆ మధ్యాహ్నం ఒకటే సినిమా.

పెళ్ళైన కొత్తలో మొదటి సదర్‌కు భార్య రుక్మాబాయిని మ్యాట్నీకి తీసుకెళ్ళాడు. ఆ సినిమా ఆమెకు ఎంత నచ్చిందంటే, మరుసటి ఏడు కూడా అదే కావాలంది. తర్వాత అద్దెకు వీసీఆర్ తెచ్చి చూశారు, ఆ తర్వాత సీడీ కొన్నారు. ఇప్పుడు మనవరాలు పూజిత ఫోనులో వెతికి టీవీకి కలుపుతుంది. తెల్లవారుజామున మూడింటికి లేచి పాలు పిండే మనిషి కాబట్టి, అరగంట గడిచేసరికి నర్సింహ గోడకు ఒరిగి నిద్రపోయేవాడు. చివర్లో కొట్లాట మొదలైతే లేచేవాడు. రుక్మాబాయి ఏనాడూ ఏమీ అనలేదు. ఆమె కళ్ళు తెర మీద నుంచి కదిలితే కదా.

రెండేళ్ళ కింద షుగర్ ఆమె కళ్ళ మీదికి వచ్చింది. మొదట మసక, తర్వాత మబ్బు, నిరుడు వేసవికల్లా వెలుగు తప్ప ఇంకేమీ తెలియకుండా పోయింది. కంటి వెనక పొర చెడిపోయిందనీ, ఇక చూపు రాదనీ డాక్టర్ చెప్పాడు. నర్సింహ ఆ మాట విని, "ఇంకో కాడికి పోదాం సార్, ఎక్కడికన్న చెప్పుండ్రి," అన్నాడు. డాక్టర్ తల అడ్డంగా ఊపాడు.

ఆ ఏడు సదర్‌కు సినిమా పెట్టాలా వద్దా అని పూజిత సందేహించింది.

"పెట్టు బిడ్డా," అంది రుక్మాబాయి. "ఇంటా. మాటలన్నీ నాకు నోటికే వచ్చు. ఒక్క కాడనే మాటలుండయ్. ఆడ మీ తాత చెప్తడు."

ఆ ఒక్క చోటు నర్సింహకు తెలియదు. ఎన్నడూ మెలకువగా ఉంటే కదా తెలియడానికి. ఆ సినిమాలో పేదరికం వల్ల కన్నబిడ్డను వేరే ఇంటికి ఇచ్చేసిన తల్లి ఇరవై ఏళ్ళకు గాజులమ్ముకుంటూ ఒక పెళ్ళింటికి వస్తుంది. పెళ్ళికూతురు తన బిడ్డేనని గుర్తుపడుతుంది. బయటపడకుండా ఆ చేతులకు గాజులు తొడుగుతుంది. నాలుగు నిమిషాలు మాట ఉండదు, పాట ఉండదు, గాజుల చప్పుడు ఒక్కటే.

ఆ చప్పుడు వినగానే రుక్మాబాయి చెయ్యి చాపి భర్త మోకాలు పట్టుకుంది.

"ఏమయ్యా, ఇప్పుడు ఏం చేస్తున్నది?"

"గాజులు తొడుగుతున్నది."

"గది నాకు ఇనవడ్తనే ఉన్నది. మొఖం ఎట్లున్నదో చెప్పు."

నర్సింహ టీవీ దగ్గరికి జరిగాడు. తెర నిండా ఒక ఆడమనిషి ముఖం. "సూస్తున్నది," అన్నాడు.

"ఎట్ల?"

"ఎట్లంటే... సూస్తున్నది గంతే. పిల్ల మొఖంలకు సూస్తున్నది."

"ఏడుస్తున్నదా?"

అతను కాసేపు ఆలోచించి "ఆఁ, ఏడుస్తున్నది," అన్నాడు.

"అబద్ధం," అంది ఆమె. "గామె ఏడ్వది. సిన్మా అయిపోయేదాకా ఏడ్వది."

పూజిత ఫోను పట్టుకుని ఆ ముక్క వెనక్కి తిప్పింది. తానూ ప్రయత్నించింది. "నానమ్మా, కళ్ళు పెద్దగ చేసింది. పెదాలు జర వణుకుతున్నయ్. నుదుటి మీద చెమట ఉన్నది." అన్నీ నిజమే. రుక్మాబాయి మాత్రం తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఆ మాటలన్నీ కలిపినా ఆమెకు ముఖం కావడం లేదు.

మూడోసారి తిప్పినప్పుడు నర్సింహ తెరకు ఇంకా దగ్గరగా వంగాడు. బర్రె కన్ను చూసి దాని నొప్పి చెప్పగలడు. ఈనే రోజు చెప్పగలడు. "దూడ సచ్చినంక బర్రె ఖాళీ కొట్టం దిక్కు సూస్తది సూడు," అన్నాడు చివరికి. "గట్లున్నది రుక్మా."

"జర గట్లనే," అంది. "గని గట్ల గూడ కాదు."

"ఎందుకే గంత పట్టుబడ్తున్నవ్? నలభై ఏండ్లు సూస్తివి కదా."

అప్పుడు చెప్పింది రుక్మాబాయి. తనకు మూడేళ్ళప్పుడు తల్లి చనిపోయింది. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. పెళ్ళికి ముందు మేనత్త ఒకసారి ఏదో వాల్‌పోస్టర్ మీద ఈ గాజులామె వేషం వేసిన నటిని చూపించి, మీ అమ్మ అచ్చం గిట్లనే ఉండేదే అంది. ఆ మాట నిజమో, పిల్లను ఊరడించడానికి అందో తెలియదు. కానీ అప్పటి నుంచి రుక్మాబాయికి అమ్మ అంటే ఆ ముఖమే. ఏడాదికి ఒక్క రోజు, పండుగ పూట, అమ్మను చూసుకునేది.

"గిన్నేండ్లు నాకెందుకు చెప్పలే?" అన్నాడు నర్సింహ.

"నువ్వు నిద్రల పన్నవ్ కదయ్యా," అంది ఆమె, కోపం లేకుండా.

ఎదురుగా తెర మీద అత్తగారి ముఖం ఆగిపోయి ఉంది. ఇంట్లో దాన్ని చూడగలిగిన కళ్ళు రెండు జతలున్నాయి, అవి రెండూ ఆమెవి కావు.

ఆ ఏడాదంతా మధ్యాహ్నాలు కొట్టంలో కూర్చుని పూజిత నేర్పినట్టు ఫోనులో ఆ నాలుగు నిమిషాలే చూశాడు. ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ దొరికింది. గాజు బిగిసినప్పుడు ఎడమ కనుబొమ్మ కొంచెం లేస్తుందని పట్టాడు. పాలు పోయించుకోవడానికి వచ్చినవాళ్ళు పిలిచినా వినిపించుకోలేదు. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా ఇంట్లోకి వచ్చి చెప్పాడు. ఆమె "ఔనా" అనేది. ఒకరోజు "పుట్టుమచ్చ కుడిదిక్కా, ఎడమదిక్కా?" అని అడిగి, అతను చెప్పాక, "నాకు గది కూడ యాదికి లేదు," అంది.

ఈసారి సదర్ వచ్చింది. దున్నపోతు కొమ్ములకు రంగు ఆరుతోంది. పూజిత ఫోను తీసి "పెట్టాల్నా నానమ్మా?" అంది.

"వద్దు బిడ్డా."

"ఎందుకే?" అన్నాడు నర్సింహ. "నేను చెప్తా. ఇప్పుడు నాకంత తెల్సు."

"నువ్వు చెప్తుంటే నువ్వు చెప్పిన మొఖమే వస్తున్నదయ్యా," అంది రుక్మాబాయి. "మా అమ్మది పోతున్నది. జర్రంత మిగిలింది. గది గూడ పోగొట్టకు."

వీధిలో డప్పులవాళ్ళు వచ్చి అప్పుడే మంట మీద డప్పులు కాచుకుంటున్నారు. రుక్మాబాయి దాహమంటే నర్సింహ లేచి చెంబుతో నీళ్ళు ముంచి తెచ్చి, ఆమె రెండు చేతుల్లో పెట్టాడు. ఆమె తాగి చెంబు తిరిగి ఇచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక పట్టుకునే నిలబడ్డాడు. ఇంకా పన్నెండు కూడా కాలేదు.