హారన్ కోచ్

"...హారన్ కూడా కొట్టొద్దంటే ఇంకెలా ఆడించమంటారండీ బాబూ?" అని కుక్కుటేశ్వరరావు ప్రిన్సిపాల్ రమేష్‌బాబు మీద విరుచుకుపడ్డాడు.

అతను అమలాపురం నుంచి కువైట్ అబ్బాసియాలోని ఆ కాలేజీకి ఫుట్‌బాల్ కోచ్‌గా వచ్చి ఇరవై రెండేళ్లయింది. అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డులో మాత్రం మొదటి రోజు నుంచీ డ్రైవర్ అనే ఉంది. "వచ్చే ఏడు మార్పిద్దాం" అన్న మాట ముగ్గురు ప్రిన్సిపాళ్ల నోట విన్నాడు. కోచ్ కార్డు లేనివాణ్ని టోర్నమెంట్ వాళ్లు మైదానం గీత దగ్గరికి రానివ్వరు. అందుకని ఆటగాళ్లని దింపి, బస్సుని కంచె పక్కన ఆపి, మెడలో ఈలతో సీట్లోనే కూర్చుంటాడు. ఇసుక పట్టిన అద్దాన్ని మాటిమాటికీ చొక్కా చేత్తో తుడుస్తాడు. ఒక హారన్ కొడితే జట్టు వెనక్కి రావాలి, రెండు కొడితే ముందుకి పోవాలి. అలాగే ఆడించి నాలుగు కప్పులు తెచ్చాడు. మొన్న సెమీఫైనల్లో ఆ మోత భరించలేక ఎదుటి జట్టు ఫిర్యాదు చేసింది.

"ఫైనల్లో హారన్ మోగితే మన జట్టుని తీసేస్తారు మాస్టారూ. ఈ ఒక్కసారికీ ఊరికే కూర్చోండి. కార్డు సంగతి వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు రమేష్‌బాబు.

కుక్కుటేశ్వరరావు బస్సు తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏంటిది? బస్సు నడపనంటే మీ ఇఖామా ఖలాస్, తెలుసుగా?"

"తెలుసండీ. శుక్రవారం ఫైనల్‌కి వేరే డ్రైవర్ని చూసుకోండి. కార్డు లేకపోయినా నేను గీత పక్కనే నిలబడతాను."