తొట్టి చూసే సయిసు

పందెపు గుర్రాల శాలలో తెల్లారగానే అందరూ గుర్రం కాళ్లు చూస్తారు. గుర్రాల్ని సాకే సయిసు మాత్రం దాణా తొట్టిలోకి తల దూర్చి, మిగిలిన గింజల్ని వేలితో కెలుకుతాడు. మచ్చల గుర్రం పరుగులో వెనకబడితే, "దానికి ఒళ్లు బద్ధకం" అని ట్రైనర్ తేల్చేశాడు.

"బద్ధకం కాదు సార్. సగం దాణా వదిలేస్తోంది, నడుం పట్టీ బిగిస్తే పళ్లు నూరుతోంది. కడుపులో మంట. నాకూ ఉందిగా, ఆ సంగతి నాకు తెలుసు!" అన్నాడు సయిసు.

అందరూ పగలబడి నవ్వారు. అయినా ఎందుకైనా మంచిదని పశువుల డాక్టర్ని పిలిపించారు. ఆయన ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి చూస్తే కడుపు నిండా పుళ్లే. మందు రాసిచ్చి, ఖాళీ కడుపుతో పరిగెత్తించకుండా ముందు కాస్త గడ్డి పెట్టమన్నాడు. రెండు నెలలకు అదే గుర్రం పందెం గెలిచింది. "గెలిచాం!" అని ట్రైనర్ వాటేసుకుంటే, సయిసు కళ్లు తుడుచుకుంటూ, "పొద్దున తొట్టి అడుగంటా నాకేసింది సార్!" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, గుర్రం సంగతంతా చెప్పి, పెళ్లయిన ఇరవై ఏళ్లలో మొదటిసారి భార్యని అడిగాడు: "నువ్వు తిన్నావా?"

ఆవిడ గరిటె పట్టుకునే ఇటు తిరిగింది. "ఏం, నాక్కూడా గొట్టం వేయిస్తావా?"