గోడ మీద వంతులు

అప్పాజీ తండ్రి చిట్టియ్య కాలువ లస్కరు. మండపేట అవతల రెండు లాకుల మధ్య ఉన్న తూములన్నీ ముప్పై ఏళ్లు ఆయనే ఎత్తాడు, ఆయనే దించాడు. దాళ్వాలో, అంటే రెండో పంటకు, గోదావరి తగ్గినప్పుడు పొలాలకు నీళ్లు వంతుల మీద ఇస్తారు. ఏ బోదె కాలువకు ఏ రోజు, ఏ రైతుకు ఏ పూట అన్నది చిట్టియ్య తూము పక్క గోడ మీద బొగ్గుతో రాసేవాడు. చదివింది నాలుగో తరగతి. అక్షరాలు మాత్రం అరచేయంత ఉండేవి.

ఒక ఏడాది రాయలేదు. నోటితో చెప్పి ఊరుకున్నాడు. ఇద్దరు అన్నదమ్ములు నీళ్ల దగ్గర పారలతో కొట్టుకున్నారు. చిన్నవాడికి చెవి తెగింది. ఆ తర్వాత ఆయన గోడ మీద రాయకుండా తూము ఎత్తలేదు.

"వంతన్నాక అందరికీ కనపడాల్రా. లేపోతే నన్నే దొంగంటారు," అనేవాడు కొడుకుతో.

అప్పాజీ ఆ మాట వింటూ పెరిగాడు.

ఇంజనీరింగ్ చదివి హైదరాబాదులో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాడు. పెళ్లయింది. భార్య వీరవేణి ఊరి పక్క గవర్నమెంటు బళ్లో టీచరు. ఆమె ఉద్యోగం జిల్లా దాటదు. అతని ఉద్యోగం హైదరాబాదు దాటదు. ఐదేళ్లు అలాగే గడిచాయి. శుక్రవారం రైలెక్కి రావడం, ఆదివారం రైలెక్కి పోవడం.

కూతురు దేవిశ్రీకి మాటలొచ్చిన కొత్తలో పక్కింటావిడ అడిగింది.

"మీ నాన్నేడే?"

"శనివారం," అంది పిల్ల.

ఆవిడ నవ్వింది. వీధంతా చెప్పుకుని నవ్వారు. వీరవేణి నవ్వింది. చెప్పినప్పుడు అప్పాజీ కూడా నవ్వాడు.

తర్వాత కరోనా వచ్చింది. కంపెనీ అందరినీ ఇళ్లకు పంపేసింది. అప్పాజీ వరండాలో బల్ల వేసుకున్నాడు. ఇన్వర్టరు కొన్నాడు. పని ఆగలేదు. కరోనా పోయాక కూడా ఎక్కడున్నారని ఎవరూ అడగలేదు. అతను పిల్లకు రెండు జడలు వేయడం నేర్చుకున్నాడు. మొదట్లో ఒకటి లావుగా, ఒకటి సన్నగా వచ్చేవి. రెండో ఏటికి సమంగా వచ్చాయి. ముగ్గురూ ఒకే వేళకు కూర్చుని అన్నం తినేవారు. దాన్ని సుఖం అని అతను ఎప్పుడూ అనుకోలేదు. ఇల్లంటే ఇలా ఉంటుంది కాబోలు అనుకున్నాడు.

మూడేళ్ల తర్వాత ఒక మెయిల్ వచ్చింది. మీ సౌలభ్యం మాకు ముఖ్యం అని మొదలైంది. ఇక నుంచి హైబ్రిడ్ పద్ధతి అని చెప్పింది. మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకు రావాలి. గేటు దగ్గర కార్డు గీకితే వచ్చినట్టు. గీకకపోతే, ఎంత పని చేసినా, రానట్టు.

అప్పాజీ మేనేజర్‌కు ఫోన్ చేశాడు. ప్రేమ్ కుమార్ అని, మంచివాడని పేరు. ఆయన ఉండేది బెంగళూరులో.

"మీ పని మీద నాకు కంప్లయింట్ లేదండీ అప్పాజీ గారూ. పైవాళ్లు చూసేది గేటు రిపోర్టు. అది బాగుంటే నన్నెవరూ అడగరు. నేను మిమ్మల్ని అడగను."

"అంటే ఏం చేయమంటారండి?"

"నేనేం చెప్పలేదు కదండీ," అన్నాడు ప్రేమ్ కుమార్.

రెండు నెలలు అప్పాజీ ప్రతి వారం వెళ్లాడు. సోమవారం సాయంత్రం రాజమండ్రిలో రైలెక్కితే శుక్రవారం పొద్దున మళ్లీ ఇల్లు. ఆఫీసులో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆఫీసులో లేనివాళ్లతో మాట్లాడేవాడు. పక్క కుర్చీవాడూ అదే చేసేవాడు.

క్యాంటీన్లో ఇద్దరు పరిచయమయ్యారు. మణిదీప్‌ది మండపేట, రైసుమిల్లు వాళ్లబ్బాయి, పెళ్లి కాలేదు. ప్రిస్కిల్లాది నరసాపురం. ఆమెకు ఏడాది పాప ఉంది. ముగ్గురిదీ ఒకే అంతస్తు. ముగ్గురూ అక్కడి పప్పుచారును తిట్టుకుంటూ ఒక బల్ల దగ్గర చేరేవారు.

"ముగ్గురం రావడం దేనికండీ?" అన్నాడు మణిదీప్ ఒక రోజు. "ఒకళ్లం వచ్చి మూడు కార్డులూ గీకేస్తే సరిపోదేంటి?"

ప్రిస్కిల్లా నవ్వింది. అప్పాజీ నవ్వలేదు. తప్పని అతనికి తెలుసు. శుక్రవారం ఇంటికి వెళ్లి, బల్ల ముందు కూర్చుని, అడ్డగీతలు నిలువుగీతలు గీసి ఒక షీట్ తయారుచేశాడు. ఏ వారం ఎవరిది. పండగొస్తే ఎలా సర్దుకోవాలి. ఒకరికి జ్వరమొస్తే తర్వాతి వారం ఎవరు వెళ్లాలి. పైన తెలుగులో వంతులు అని పేరు పెట్టాడు. అన్ని షీట్లూ ఎక్కడ పెడతాడో అక్కడే, కంపెనీ సర్వర్ మీదే పెట్టాడు. మిగతా ఇద్దరికీ పంపాడు.

"మీరేంటన్నయ్య గారూ," అన్నాడు మణిదీప్, ముగ్గురూ ఫోనులో కలిసినప్పుడు. "పంటకాలవలాగా ఆఫీసుక్కూడా వంతులు పెట్టేసేరు!"

"కాయితం మీద రాసుకుంటే పోయేది కదండీ," అంది ప్రిస్కిల్లా.

"కనపడాలండి. రేపు ఈ వారం నాది కాదు నీదని మాటొస్తే?"

"ఆయ్, అలాగేనండి. తూము ఎత్తేది మీరు కదా," అన్నాడు మణిదీప్.

కార్డులు మూడూ హైదరాబాదులో మణిదీప్ అక్క ఇంట్లో, దేవుడి గూట్లో ఉండేవి. వంతు వచ్చినవాళ్లు వెళ్లి తీసుకోవాలి. పోయేటప్పుడు అక్కడే పెట్టాలి. ఒకసారి శుక్రవారం దీపం పెడుతూ ఆవిడ కార్డులక్కూడా బొట్లు పెట్టింది.

"నా కార్డుక్కూడా పెట్టేసేరేంటండీ?" అంది ప్రిస్కిల్లా.

"మా అక్కకి మీరూ మేమూ అని తేడా లేదండీ," అన్నాడు మణిదీప్.

పధ్నాలుగు నెలలు గడిచాయి. ఒక్క వంతు తప్పలేదు. ఒక్క మాట రాలేదు. ఆ ఏడు ముగ్గురికీ పనిలో మంచి మార్కులే వచ్చాయి. గేటు రిపోర్టు బాగుందని ప్రేమ్ కుమార్ ప్రత్యేకంగా మెయిల్ రాశాడు.

అక్టోబరులో ఒక మంగళవారం మణిదీప్ వంతు. బస్సు దారిలో ఆగిపోయి ఆలస్యమైంది. మీటింగుకు నాలుగు నిమిషాలుంది. వేరు వేరు గేట్ల దగ్గర, వేరు వేరు వేళల్లో గీకాలని షీట్‌లో రాసి ఉంది. అతను ఒకే గేటు దగ్గర మూడు కార్డులూ వరుసగా గీకి లోపలికి పరుగెత్తాడు.

మూడు వారాలు ఎవరూ ఏమీ అనలేదు. ఆ మూడు వారాల్లో కంపెనీ వెతికింది. షీట్ దొరికింది. తెలుగు రానివాళ్ల కోసం ఎవరో దాన్ని వరుస తప్పకుండా ఇంగ్లీషులోకి మార్చి పెట్టారు.

ముగ్గురికీ ఒకే రోజు, అరగంటకొకరు చొప్పున పిలుపు వచ్చింది. ముందు రోజు ప్రిస్కిల్లా ఫోన్ చేసింది.

"ముగ్గురం కలిసి చేశామనే చెబుదామండీ. ఏదొచ్చినా ముగ్గురికీ ఒకటే."

"అంతేనండి," అన్నాడు అప్పాజీ.

మణిదీప్ కూడా అంతే అన్నాడు.

మొదట మణిదీప్, తర్వాత ప్రిస్కిల్లా, చివర అప్పాజీ. తెర మీద హెచ్‌ఆర్ ఆవిడ, పక్క గడిలో ప్రేమ్ కుమార్. ఆవిడ గొంతు మర్యాదగా ఉంది.

"ఈ ఆలోచన ఎవరిది?"

"ముగ్గురం కలిసి చేశామండి."

"మిగతా ఇద్దరూ అలా చెప్పలేదు. ఇది మీరు పెట్టిన పద్ధతి అన్నారు. మీరు పెద్దవారు కాబట్టి కాదనలేకపోయామన్నారు. షీట్ తయారుచేసింది మీరేనా?"

షీట్ పైన అతని పేరు ఉంది. తేదీ ఉంది. వేళ ఉంది.

"నేనేనండి."

"మరి ఇప్పుడు మాతో అబద్ధం ఎందుకు చెప్పారు?"

అప్పాజీ పక్క గడి వైపు చూశాడు. ప్రేమ్ కుమార్ తల వంచుకుని ఏదో రాసుకుంటున్నాడు. ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు.

మణిదీప్‌కు, ప్రిస్కిల్లాకు హెచ్చరిక కాగితాలు వచ్చాయి. అప్పాజీని తీసేశారు. ఆ సాయంత్రం ప్రిస్కిల్లా ఫోన్ చేసి ఏడ్చింది.

"మీ పేరు ఎలాగూ దాని మీద ఉంది కదండీ... మీకెలాగూ తప్పదనుకున్నానండి."

"పర్లేదండి."

"మీరు తిడితే బాగుండునండి."

అతను తిట్టలేదు. మణిదీప్ రెండు చేతులు జోడించిన బొమ్మ పంపాడు. అంతకు మించి ఏమీ పంపలేదు.

చిట్టియ్య రిటైరై ఇంటి పట్టునే ఉంటున్నాడు. సంగతి అంతా విన్నాడు. కాసేపు చుట్ట కాల్చాడు.

"నీ మీద చెప్పిందెవడ్రా?"

"ఎవరూ చెప్పక్కర్లేకపోయింది నాన్నా. నేను రాసిందే చెప్పింది."

ముసలాయన చుట్ట నేలకు రాసి ఆర్పాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

జనవరి చివర్లో కాలువకు నీళ్లు తగ్గాయి. వంతులు మొదలయ్యాయి. చిట్టియ్య చోట వచ్చిన కొత్త లస్కరుకు మూడు కాలువలు అప్పగించారు. అతను తూము దగ్గరకు వారానికోసారి వచ్చేవాడు. వంతులు మీరే చూసుకోండి అని ఫోనులో చెప్పేశాడు. నలుగురు రైతులు అప్పాజీ ఇంటికొచ్చారు. ముందు నిలబడింది పెదబాబు. బోదెకు చిట్టచివర, ఎకరం పావు కౌలుకు చేస్తాడు.

"ఇంటి దగ్గరే ఉంటున్నారంట కదండీ. మీ నాన్నగారికి చెయ్యి వణుకుతుంది. మీరు ఆ గోడ మీద రాసి పెట్టెయ్యండి బాబూ. మీరు రాస్తే ఎవడూ కాదనడు."

అప్పాజీ గడప దాటలేదు.

"నేను రాయనండి."

"ఎంతసేపు పడతాదండీ? పది పేర్లు."

"నోటితో చెప్పుకోండి."

పెదబాబు ముసలాయన వైపు చూశాడు. చిట్టియ్య మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. రైతులు వెళ్లిపోయారు. వీరవేణి లోపలి నుంచి వచ్చింది.

"పది పేర్లే కదండీ. వాళ్లేం చేశారు మిమ్మల్ని?"

వాళ్లు అతన్ని ఏమీ చేయలేదు.

ఆ ఏడు గోడ ఖాళీగా ఉంది. పై పొలాలవాళ్లు పగలూ రాత్రీ అడ్డుకట్టలు వేసుకున్నారు. కొట్లాటలు జరగలేదు. కొట్టుకోవాలన్నా ఎవరి వంతు ఎవరు తీశారో ఎవరికీ తెలియదు. మార్చి మొదటికి పెదబాబు చేలో నెర్రెలు విడిచాయి. వరి పాలు పోసుకునే వేళకు ఎండిపోయింది. అప్పాజీ సైకిలు మీద ఒకసారి అటు వెళ్లి చూసి వచ్చాడు. ఇంట్లో చెప్పలేదు.

అదే నెలలో అతనికి వేరే కంపెనీలో ఉద్యోగం దొరికింది. హైదరాబాదులోనే. వారానికి ఐదు రోజులూ రావాలన్నారు. అప్పాజీ ఏమీ అడగలేదు. సంతకం పెట్టాడు.

బయల్దేరే ముందు దేవిశ్రీకి జడలు వేశాడు. ఆమెకిప్పుడు ఎనిమిదేళ్లు. కాసేపు కదలకుండా కూర్చుంది.

"రేపట్నుంచి అమ్మే వేస్తాదిలే నాన్నా," అంది. "నాకూ కొంచెం వచ్చు."

మండపేట సెంటర్లో రాజమండ్రి బస్సు కోసం నిలబడ్డాడు. పెదబాబు వచ్చాడు. భుజాన ఖాళీ గోనెసంచి ఉంది. మిల్లులో బస్తాలు మోయడానికి వెళ్తున్నాడు. అప్పాజీ తల తిప్పుకోబోయాడు. ఆయనే దగ్గరకొచ్చి పలకరించాడు.

"ఉద్యోగానికాండీ?"

"అవునండి."

"మళ్లీ ఎప్పుడొస్తారండి?"

"శుక్రవారం బయల్దేరతానండి. శని, ఆదివారాలు ఇక్కడే."

"పోన్లెండి," అన్నాడు పెదబాబు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. "రెండ్రోజులైనా మీ వంతుకొచ్చేయి."

బస్సు వచ్చింది. పెదబాబు అప్పాజీ బ్యాగు అందుకుని పైకి అందించాడు.