రిటైరైనవాళ్లకు వేరే పెట్టె

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది. ప్రొద్దుటూరులో వకీలుగా ఉన్న నన్ను, జమ్మలమడుగు దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీ కార్మిక సంఘం తన ఎన్నికకు రిటర్నింగ్ ఆఫీసర్‌గా పెట్టుకుంది. అంటే పోలింగు నడిపి, తగాదా వస్తే అక్కడికక్కడే తేల్చే మనిషి.

నేను వెళ్లేసరికి, పోలింగు జరగాల్సిన కల్యాణమంటపం గేటు మూసి ఉంది. కార్యదర్శి పదవికి మొదటిసారి నిలబడిన రవి మనుషులు దానికి అడ్డంగా కూర్చున్నారు. బయట ఎండలో, పులివెందుల నుంచీ పెద్దముడియం నుంచీ వచ్చిన రిటైరైన కార్మికులు. వాళ్ల ఓట్లన్నీ, మళ్లీ పోటీ చేస్తున్న పాత కార్యదర్శి ఓబులరెడ్డికేనని అందరి నమ్మకం.

“సమ్మె జేస్తే జీతం పోయేది మాకు మేడం. ఇంట్లో కూచున్నోళ్లు మాకు నాయకుని ఎట్ల ఎంచుతారు?” అన్నాడు రవి.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ బైలాస్‌లో, అంటే సంఘం తనకు తాను రాసుకున్న నియమాల్లో, చందా కట్టే సభ్యులందరికీ ఓటుంది. రిటైరైనవాళ్లు కడుతూనే ఉన్నారు. అదే చెప్పాను. ఎవరో గేటును కాలితో తన్నారు.

“అట్లయితే వాళ్లకు వేరే పెట్టె పెట్టండి. ఆ ఓట్లు చెల్లేదీ లేనిదీ కోర్టులో తేల్చుకుంటాం” అని రవి పట్టుబట్టాడు. గొడవ తప్పుతుందని ఓబులరెడ్డి కూడా తలూపాడు. నాకూ ఒక్క క్షణం అదే మేలనిపించింది.

అప్పుడు రిటైరైనవాళ్లలోంచి కాదర్ బాషా అనే ఆయన ముందుకొచ్చాడు. సున్నపురాయిని నలిపే క్రషర్ హోరులో ఏళ్లు గడిపి చెవులు మందగించినవాడు, గట్టిగా మాట్లాడతాడు.

“ఏమప్పా రవీ, మా మందుల బిల్లులకు కంపెనీతో కొట్లాడేది గూడా ఈ సంఘమే గదా. వేరే పెట్టెలో ఏస్తే ముసలోళ్లు ఎవరికేసినారో ఊరంతా తెలుస్తాది. ఓడించాలని జూసినోళ్లమని తెలిస్తే, గెలిచినోడు రేపు మా మొగం జూస్తాడా?”



“ఒకటే పెట్టె. కాదంటే ఎన్నిక ఆపేసి పోతా” అన్నాను. చివరికి రవి తన మనుషులను లేవమన్నాడు.

కొద్ది ఓట్ల తేడాతో రవే గెలిచాడు.

మర్నాడు ఓబులరెడ్డి నా ఆఫీసుకొచ్చాడు. ప్రతి ఎన్నికకూ ఆ పెద్దవాళ్లను దగ్గరుండి బస్సెక్కించి తెచ్చిన మనిషి.

“ఆ ముసలోళ్లే రవికేసి నన్ను ముంచినట్లుంది. రిటైరైనోళ్ల ఓట్లు చెల్లవని కేసెయ్యల్ల మేడం.”

“నిన్న చెల్లినాయి గదా రెడ్డి గారూ?”

“నిన్న సంగతి వేరే” అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆ కేసు నేను తీసుకోలేదు. అప్పటినుంచి ఏ సంఘం పిలిచినా, ఓటెవరికుందో ముందు తేల్చి, పోటీదారులందరి చేతా ఒప్పించాకే పోలింగు తేదీ పెడుతున్నాను. లెక్కింపు అయ్యాక ఆ ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పేవాళ్లు నాకింతవరకూ కనబడలేదు.