సీలు పిడి మీద చేప

అమలాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి దానమ్మగారు ఆఫీసు సూపరింటెండెంటు. కూరగాయల బండి దగ్గర త్రాసు పళ్లెం తిరగేసి చూసిగానీ వంకాయలు వేయించుకోని మనిషి. “నిన్ను నమ్మించాలంటే దేవుడైనా సాక్షుల్ని వెంటబెట్టుకు రావాలి” అని భర్త ఆనందరావుగారు నవ్వేవారు.

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. కొన్నేళ్ల కిందట ఈ కాలేజీ పేరు మీద దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. సంతకమూ సీలూ రెండూ నకిలీవే. బయటివాళ్ల పనేనని తేలేదాకా పోలీసులు ఆవిడను నిలబెట్టి ప్రశ్నలు వేశారు. చర్చిలో పక్కన కూర్చునేవాళ్లు కూడా కాస్త ఎడంగా జరిగారు. అప్పటినుంచీ సీలంటే ఆవిడకు చేతిలో నిప్పు పట్టుకున్నట్టే.

ఈ ఏడాది లక్ష్మీప్రసన్న అనే పిల్ల ఆఫీసులో కొత్తగా చేరింది. రామచంద్రపురం పిల్ల. పాలిమర్ క్లే అని రంగురంగుల మెత్తటి ముద్దలు వస్తాయి. వాటితో పువ్వులూ తీగలూ చేసి పెన్నులకూ పెన్నుల డబ్బాకూ అతికించి, తానుండే అద్దెగదిలో చిన్న ఓవెన్లో కాల్చి తెచ్చేది. కాలితే రాయిలా గట్టిపడేవి. అందరూ ముచ్చటపడ్డారు. దానమ్మగారు మాత్రం “ఆఫీసా, బొమ్మల కొలువా?” అని ఊరుకున్నారు.

ఒకరోజు సీళ్ల సొరుగు తీసేసరికి ఒక సీలు చెక్కపిడి మీద ఉబ్బెత్తుగా మల్లెమొగ్గ కనిపించింది. మరో వారానికి ఇంకో సీలు మీద కొబ్బరికాయ.

సీళ్లు వేసేది సీనియర్ అసిస్టెంటు ఉపేంద్రగారు. ఈ కుర్చీలోనే జుట్టు నెరిసిన మనిషి.

“ఏంటండీ ఇవి?” అని అడిగారు దానమ్మగారు.

“ఏదో సరదాకి చేయించేనండి” అంటూ ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు.

ఉపేంద్రగారికి సరదా! కళ్లజోడు కాడ విరిగితే దారం చుట్టుకుని తిరిగే మనిషికి మల్లెమొగ్గలమీద మోజా? దానమ్మగారికి ఆ మాట మింగుడుపడలేదు.

మధ్యాహ్నం ప్రసన్న భోజనానికి వెళ్లినప్పుడు ఆమె బల్లమీద పచ్చి ముద్ద ఒకటి కనబడింది. దానమ్మగారు అటూ ఇటూ చూసి తన వేలి ఉంగరాన్ని దానిలోకి నొక్కారు. ఉంగరం మీది చిన్న సిలువ, దాని అంచున ఉన్న గీతతో సహా అచ్చుపడింది. ఉంగరం అచ్చు ఇంత బాగా పడితే సీలు అచ్చు పడదా? పైన పువ్వులు చూపించి లోపల మరో సీలు తయారుచేస్తున్నారేమో! మళ్లీ పోలీసులొస్తే ఈసారి ఎవరు నమ్ముతారు?

ఆ రోజు నుంచి ఇద్దరిమీదా కన్నేశారు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసేవేళకు ఉపేంద్రగారు సొరుగులోంచి ఏదో తీసి కాగితంలో చుట్టి ప్రసన్న చేతికిచ్చారు. ఆ పిల్ల గబుక్కున బ్యాగులో వేసుకుంది.

“ప్రసన్నా, ఆగు. బ్యాగు తియ్యి.”

ఆఫీసంతా తలెత్తి చూసింది. ప్రసన్న మొహం ఎర్రబడింది. “ఏమీ లేదండి మేడమ్‌గారూ.”

“లేకపోతే చూపించడానికేం? సీళ్లు దొంగతనంగా ఇంటికి తీసుకెళ్లేవాళ్లని నేను వదలను.”

కాగితం విప్పితే ఉత్త చెక్కపిడి బయటపడింది. అక్షరాలున్న రబ్బరు బిళ్ల సొరుగులోనే ఉంది. అయినా దానమ్మగారు తగ్గలేదు. “ఇది ఎందుకు తీసుకెళ్తున్నావ్?”

ప్రసన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉపేంద్రగారి వైపు ఒకసారి చూసింది గానీ పెదవి విప్పలేదు.

ఆయనే లేచారు. లేవడంలో బల్ల అంచు తగిలి తూలారు. “ఆ పిల్లనేం అనకండమ్మా. చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. నాకు చూపు ఆనడం లేదండి. షుగరు. ఏ సీలు ఏదో తెలీక మొన్న టీసీ మీద లైబ్రరీ సీలు వేసేసేను. అది ఈ పిల్ల కంటపడి, తడిమి పోల్చుకోడానికి గుర్తులు చేసిస్తానంది. ఓవెన్లో రబ్బరు కరిగిపోద్దని పిడొక్కటే ఊడదీసిచ్చేను. కళ్లు పోయేయని తెలిస్తే నన్ను ఇంటికి పొమ్మంటారని దాచేను.”

దానమ్మగారు ఆ చెక్కపిడిని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయారు. చివరికి అందరూ వినేలా “తప్పు నాది ప్రసన్నా” అన్నారు.

“సరేనండి” అని ఆ పిల్ల బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు అడిగినదానికి తప్ప ఆవిడతో మాట్లాడలేదు.

సోమవారం దానమ్మగారు సెలవు పెట్టి, ఉపేంద్రగారిని కాకినాడ కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. పోయిన చూపు తిరిగి రాదనీ లేజరు చేస్తే ఉన్నది నిలుస్తుందనీ ఆ డాక్టరు చెబితే నమ్మలేదు. మరో డాక్టరు కూడా అదే అన్నాకే ఒప్పుకున్నారు. ప్రిన్సిపాలుతో ఆవిడే మాట్లాడారు. సీళ్లు ఉపేంద్రగారి దగ్గరే ఉంటాయి, వేసిన ప్రతి కాగితాన్నీ ప్రసన్న ఒకసారి చూస్తుంది.

మిగిలిన పిడి మీద చేప వచ్చింది. పరీక్షల విభాగానికి కొత్త సీలొచ్చినప్పుడు ప్రసన్నే దానమ్మగారి బల్ల దగ్గరికి వచ్చింది.

“దీనికి మీరే చెయ్యండి మేడమ్‌గారూ. ఆదివారం మా గదికి రండి.”

ప్రార్థన కాగానే ఆవిడ వెళ్లారు. ముద్ద పిసికి, ఉప్పలగుప్తం రొయ్యల చెరువుల గట్లమీద పుట్టిపెరిగిన మనిషిలా ధీమాగా రొయ్య చేయడానికి కూర్చున్నారు. ఓవెన్ వేడి నిజంగా దానిమీద చూపిస్తున్నంతే ఉందా అని ప్రసన్నను పదేపదే అడిగి, రొయ్య కాలేదాకా ఓవెన్ అద్దం తలుపు ముందు నుంచి కదలలేదు.

మర్నాడు ఉపేంద్రగారు ఆ పిడిని బొటనవేలితో చాలాసేపు తడిమారు.

“చింతకాయ బాగా కుదిరిందండి” అన్నారు.

ప్రసన్న నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆయ్, చింతకాయేనండి” అన్నారు దానమ్మగారు.